బ్రేకర్ తెరుచుకుంటేనే పరీక్ష పాసైనట్టు

సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ రోజంతా పనిచేస్తుంది. దానిలో లోపముంటే నూనె వేడెక్కుతుంది, శబ్దం మారుతుంది, ఎవరో ఒకరు పసిగడతారు. మీటరు తప్పు చూపిస్తే నెలాఖరు లెక్కల్లో బయటపడుతుంది. రక్షణ రిలే సంగతి వేరు. కంట్రోల్ రూములో ప్యానెల్‌కు బిగించిన ఆ చిన్న పెట్టె ఏళ్ల తరబడి పచ్చ దీపం వెలిగించుకుని ఊరకే కూర్చుంటుంది. అది నిజంగా పనిచేయాల్సిన సమయం ఏడాది మొత్తంలో కొన్ని సెకన్లు కూడా ఉండదు. తీగ తెగిపడినప్పుడో, కేబుల్ కాలినప్పుడో, పిడుగు పడినప్పుడో పదో వంతు సెకనులో అది తీర్పు చెప్పాలి. రిలేలో లోపం ఉంటే బయటపడేది కూడా ఆ పదో వంతు సెకనులోనే. అప్పటికి ఆలస్యమైపోతుంది.

అందుకే లైనుకు తొలిసారి కరెంటు ఇవ్వడానికి ముందు జరిగే పరీక్షలకు అంత విలువ. కమిషనింగ్ టెస్టులని ఇంజనీర్లు పిలుచుకునే ఈ పని గురించి బయట ఎవరూ మాట్లాడరు. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారై ఉంటుంది, శిలాఫలకం సిద్ధంగా ఉంటుంది, కాంట్రాక్టరు బిల్లు కోసం ఎదురుచూస్తుంటాడు. పరీక్ష చేసే బృందం మీదే అందరి తొందరా వచ్చి పడుతుంది. ఆ తొందరలో రెండు రకాల ప్రమాదాలున్నాయి. ఒకటి, సరిగా పరీక్షించని రక్షణ రేపు ఎవరి ప్రాణమో తీయవచ్చు. రెండోది, పరీక్ష చేస్తున్న మనిషి ఈరోజే ప్రాణం పోగొట్టుకోవచ్చు.

రిలే ఒంటరిగా ఏ పనీ చేయలేదు. పదకొండు వేల వోల్టుల లైనునో, నాలుగు లక్షల వోల్టుల లైనునో నేరుగా దానికి కలపలేం. లైనులోని పెద్ద కరెంటును కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక ఆంపియర్ స్థాయికి తగ్గించి ఇస్తుంది. పెద్ద వోల్టేజీని పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్ 110 వోల్టులకు దించి ఇస్తుంది. వీటినే సీటీ, పీటీ అంటారు. ఆ రెండు కొలతలూ చూసి రిలే లోపాన్ని గుర్తిస్తుంది. వెంటనే బ్యాటరీ నుంచి వచ్చే డీసీ కరెంటును బ్రేకర్‌లోని ట్రిప్ కాయిల్‌కు పంపుతుంది. కాయిల్ గొళ్లెం లాగుతుంది, స్ప్రింగు విడుదలవుతుంది, కాంటాక్టులు విడిపోతాయి. మన దేశపు గ్రిడ్ ప్రమాణాల ప్రకారం 400 కిలోవోల్టుల లైను మీద లోపం వస్తే ఇదంతా 100 మిల్లీసెకన్లలో, 220, 132 కిలోవోల్టుల లైన్ల మీద 160 మిల్లీసెకన్లలో ముగియాలి. ఈ దారిలో ఒక్క స్క్రూ వదులుగా ఉన్నా, ఒక్క వైరు తిరగబడినా రిలే ఎంత ఖరీదైనదైనా వృథా.

రిలేను తయారుచేసిన కంపెనీ ఫ్యాక్టరీలోనే పరీక్షిస్తుంది. కొత్త నమూనా అయితే బెంగళూరులోని కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ లాంటి చోట టైప్ టెస్టులు కూడా జరుగుతాయి. అవి ఆ పెట్టె మంచిదని చెబుతాయి. కానీ మన ఊరి సబ్‌స్టేషన్‌లో దానికి కలిపిన సీటీ సరైనదేనా, కేబుల్ సరైన టెర్మినల్‌కే వచ్చిందా, సెట్టింగు ఈ లైనుకు తగినదేనా అన్నవి అక్కడే, ఆ నేల మీదే తేలాలి. తెలుగు రాష్ట్రాల ట్రాన్స్‌మిషన్ సంస్థల్లో ఈ పనికి ఎం.ఆర్.టి. అనే విభాగం ఉంది. మీటర్లు, రిలేలు పరీక్షించే వాళ్లు వీళ్లే.

చేతులు పెట్టే ముందు

పరీక్ష మొదలయ్యేది రిలేకు కరెంటు, వోల్టేజీ ఇచ్చే టెస్టు కిట్టు తెరవడంతో కాదు, ఎల్.సి. తో. లైన్ క్లియర్ అని పూర్తి పేరున్నా ఎల్.సి. అంటేనే లైన్‌మన్ నుంచి సూపరింటెండింగ్ ఇంజనీరు వరకూ అందరికీ అర్థమవుతుంది. ఏ బ్రేకర్ తీశారు, ఏ ఐసొలేటర్ తెరిచి తాళం వేశారు, ఎర్త్ ఎక్కడ కట్టారు అన్నది రాసి, షిఫ్ట్ ఆపరేటర్ సంతకంతో తీసుకునే అనుమతి అది. ఒకే ఫీడర్ మీద ఇద్దరు ఎల్.సి. తీసుకుంటే ఇద్దరూ తిరిగి ఇచ్చేదాకా ఆ లైనుకు కరెంటు ఇవ్వకూడదు. ఒకరు ఇచ్చారు కదా అని ఛార్జ్ చేస్తే రెండో వ్యక్తి ఇంకా స్తంభం మీదే ఉండవచ్చు.

కరెంటు లేదని నిర్ధారించుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. టెస్టరును ముందు కరెంటు ఉన్నచోట పెట్టి అది పనిచేస్తోందని చూడాలి. తర్వాత మన లైను మీద పెట్టాలి. ఆపై మళ్లీ కరెంటు ఉన్నచోటికి వెళ్లి చూడాలి. మధ్యలో టెస్టరే చెడిపోతే అది చూపించే సున్నాకు అర్థం లేదు. ఎర్త్ రాడ్డు కట్టేటప్పుడు ముందు భూమి వైపు క్లాంపు బిగించాలి, తర్వాతే కండక్టరుకు తగిలించాలి. తీసేటప్పుడు వరుస తిరగబడుతుంది. ఈ వరుస తప్పితే లైనులో మిగిలిన ఛార్జి, లేదా పక్క లైను నుంచి ప్రేరణతో వచ్చిన వోల్టేజీ, రాడ్డు పట్టుకున్న చేతిలోంచి పోతుంది.

ఆపేశామనుకున్న బ్రేకర్‌లో కూడా శక్తి దాగి ఉంటుంది. దాని క్లోజింగ్ స్ప్రింగు బిగించి ఉంటే డీసీ లేకపోయినా, గొళ్లెం కదిలితే చాలు, మెకానిజం బలంగా కదులుతుంది. వేళ్లు ఉన్నచోట వేళ్లు ఉండవు. లోపల చేయి పెట్టే ముందు స్ప్రింగు విడుదల చేయడం, డీసీ ఫ్యూజులు తీసి జేబులో వేసుకోవడం పాతతరం ఇంజనీర్లు నేర్పిన అలవాటు. మంచి అలవాటు.

సీటీని తెరవకూడదు, పీటీలోకి పంపకూడదు

ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన ప్రతివారికీ మొదటిరోజే చెప్పే మాట, నడుస్తున్న సీటీ సెకండరీని ఎప్పుడూ తెరిచి ఉంచకూడదని. ఎందుకో తెలుసుకుంటే ఆ మాట మరిచిపోలేం.

వెయ్యి ఆంపియర్లను ఒక ఆంపియర్‌గా తగ్గించే సీటీని తీసుకుందాం. ప్రైమరీ అంటే మధ్యలోంచి వెళ్లే లైను కండక్టరే, ఒక్క చుట్టు. సెకండరీలో వెయ్యి చుట్లు. సెకండరీ సర్క్యూట్ పూర్తిగా ఉన్నంతసేపు అందులో పారే ఒక ఆంపియర్, ప్రైమరీ కల్పించే అయస్కాంత బలాన్ని దాదాపు పూర్తిగా రద్దు చేస్తుంది. ఇనుప కోర్‌లో మిగిలేది చాలా కొద్ది ఫ్లక్సే. ఇప్పుడు సెకండరీలో ఒక వైరు విప్పామనుకోండి. లైనులోని వెయ్యి ఆంపియర్లు ఆగవు. సెకండరీలో ఏముందో లైనుకు అనవసరం. ఎదురు లేకపోవడంతో ఆ వెయ్యి ఆంపియర్ల బలమంతా కోర్ మీద పడుతుంది. ఒక దిక్కున కోర్ పూర్తిగా నిండిపోతుంది, అర చక్రం తర్వాత ఎదురు దిక్కున నిండిపోతుంది. కరెంటు సున్నా దాటే ఆ అతిచిన్న వ్యవధిలో ఫ్లక్సు ఒక కొస నుంచి మరో కొసకు తిరగబడుతుంది. ఫ్లక్సు ఎంత వేగంగా మారితే అంత వోల్టేజీ పుడుతుంది. వెయ్యి చుట్ల సెకండరీలో ఆ క్షణాన వేల వోల్టుల మొనలు లేస్తాయి. మామూలుగా కొద్ది వోల్టులే ఉండే టెర్మినల్ బ్లాకు మీద అవి మెరుపులవుతాయి. విప్పిన వైరు చేతిలో ఉన్న మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు. సీటీ సర్క్యూట్‌లో ఫ్యూజు పెట్టకపోవడానికి కారణం ఇదే. ఏ వైరైనా కదిలించే ముందు సీటీ వైపు షార్టింగ్ లింకు వేసి, కరెంటు ఆ దారి పట్టిందని క్లాంప్ మీటరుతో చూసి, అప్పుడే విప్పాలి.

పీటీ విషయంలో ప్రమాదం ఎదురు దిక్కున వస్తుంది. అది 33,000 వోల్టులను 110కి తగ్గిస్తుంది, మూడు వందల రెట్లు. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేసే వస్తువు. రిలే పరీక్ష కోసం కిట్టు నుంచి 110 వోల్టులు ఇస్తూ, పీటీ సెకండరీని వేరు చేయడం మరిచిపోతే, ఆ 110 వోల్టులు వెనక్కి నడిచి యార్డులో ప్రైమరీ మీద 33,000 వోల్టులుగా నిలబడతాయి. కంట్రోల్ రూములో కిట్టు ముందు కూర్చున్న ఇంజనీరుకు బయట ఏం జరుగుతోందో తెలియదు. అదే సమయంలో యార్డులో ఎవరో క్లాంపు బిగిస్తుంటారు, లైను ఆపేసి ఉందన్న ధైర్యంతో. కిట్టు వైరు తగిలించే ముందు పీటీ ఫ్యూజులు తీసి, లింకులు తెరిచి, టెర్మినల్ బ్లాకులో రిలే వైపు మాత్రమే ఇంజెక్షన్ ఇవ్వాలన్న నియమం ఇలాంటి మనిషి కోసమే.

మూడో ప్రమాదం ప్రాణానికి కాక మొత్తం ఊరికి సంబంధించింది. చాలా సందర్భాల్లో కొత్త సబ్‌స్టేషన్ కాదు, నడుస్తున్న సబ్‌స్టేషన్‌లో ఒక కొత్త బే, అంటే ఒక లైనుకో ట్రాన్స్‌ఫార్మర్‌కో కావలసిన పరికరాల వరుస, కడతారు. ఆ బే తాలూకు వైర్లు పాత బస్‌బార్ రక్షణలోకి, ఎల్.బి.బి. అనే బ్రేకర్ వైఫల్య రక్షణలోకి వెళతాయి. ఈ రెంటి పని, అవసరమైతే బస్‌కు కలిసిన బ్రేకర్లన్నిటినీ ఒకేసారి తెరవడం. కొత్త బేలో పరీక్ష కోసం పంపిన కరెంటును ఆ రక్షణ నిజమైన లోపంగా నమ్మితే జిల్లాలో సగం చీకటి అవుతుంది. అందుకే ఆ దారిలోని లింకులన్నీ ముందు తెరిచి, ఏవి తెరిచామో కాగితం మీద రాసుకుని, ట్యాగులు కట్టాలి. ఆ కాగితం పని ఎంతో చివర్లో చెబుతాను.

ఏం చూస్తారు

ముందు డ్రాయింగు పట్టుకుని ప్రతి వైరునూ ఈ కొస నుంచి ఆ కొసకు సరిచూస్తారు. విసుగు పుట్టించే పని, కానీ ఎక్కువ తప్పులు దొరికేది ఇక్కడే. తర్వాత మెగ్గర్‌తో 500 వోల్టులు ఇచ్చి కేబుళ్ల ఇన్సులేషన్ చూస్తారు. ఆ వోల్టేజీ రిలేలోని ఎలక్ట్రానిక్స్‌కు తగలకుండా రిలేను ముందే కేబుళ్ల నుంచి వేరు చేయాలి. సీటీ సెకండరీకి భూమి ఒక్కచోటే ఉండాలి. రెండుచోట్ల ఉంటే ఆ రెండు చోట్ల మధ్య తిరిగే కరెంటు రిలేకు లేని లోపాన్ని చూపిస్తుంది.

సీటీకి నిండిన బిందె లాంటి హద్దు ఒకటుంది. ఆ హద్దు దాటాక ప్రైమరీలో కరెంటు పెరిగినా సెకండరీలో నిజాయితీగా ప్రతిఫలించదు. సెకండరీకి వోల్టేజీ ఇస్తూ పోతే ఒక చోట వోల్టేజీ పది శాతం పెంచినందుకు మాగ్నెటైజింగ్ కరెంటు యాభై శాతం పెరుగుతుంది. దాన్ని నీ (knee) పాయింటు అంటారు. లోపం వచ్చినప్పుడు రిలేకు కావలసిన వోల్టేజీ ఆ హద్దులోపే ఉందో లేదో ఈ పరీక్షలో తేలుతుంది. పరీక్ష అయ్యాక వోల్టేజీని నెమ్మదిగా సున్నాకు దించి కోర్‌లో మిగిలిన అయస్కాంతత్వాన్ని పోగొట్టాలి. లేకపోతే మంచి సీటీని మనమే సగం నింపి వదిలినట్టవుతుంది.

తర్వాత రిలే వంతు. కిట్టు నుంచి సెకండరీ కరెంటు ఇచ్చి అది ఎప్పుడు కదులుతుందో, ఎంతసేపటికి ట్రిప్ ఇస్తుందో కొలుస్తారు. ఓవర్‌కరెంట్ రిలేల్లో ఎక్కువగా వాడే స్టాండర్డ్ ఇన్‌వర్స్ వక్రరేఖను తీసుకుంటే, ఒక ఆంపియర్ దగ్గర సెట్ చేసి, టైమ్ మల్టిప్లయర్ 0.1 పెట్టిన రిలేకు రెండు ఆంపియర్లు ఇస్తే దాదాపు ఒక సెకనుకు, ఐదు ఇస్తే 0.43 సెకనుకు, పది ఇస్తే 0.3 సెకనుకు ట్రిప్ రావాలి. లోపం పెద్దదైన కొద్దీ తీర్పు త్వరగా రావాలన్నది ఇక్కడి సూత్రం. పదకొండు కిలోవోల్టుల ఫీడర్ మీద లోపం వస్తే ఆ ఫీడరే పడిపోవాలి. దాని పైనున్న ట్రాన్స్‌ఫార్మర్ బ్రేకర్ కాస్త ఆగాలి. ఈ వ్యత్యాసం సరిగా లేకపోతే ఒక పొలంలో తెగిన తీగకు మండలమంతా కరెంటు పోతుంది.

నాకు అన్నిటికంటే అందంగా కనిపించే పరీక్ష ట్రాన్స్‌ఫార్మర్ డిఫరెన్షియల్ రక్షణకు చేసే స్టెబిలిటీ టెస్టు. లోపలికి వెళ్లే కరెంటుకూ బయటికి వచ్చే కరెంటుకూ తేడా ఉంటే లోపల ఏదో కాలుతోందని ఆ రిలే లెక్క. 50 ఎంవీఏ, 132/33 కిలోవోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు నిజమైన లోడు ఇవ్వకుండానే ఈ లెక్క సరిచూడవచ్చు. 33 కిలోవోల్టుల వైపు, సీటీల అవతల, మూడు ఫేజులనూ షార్ట్ చేసి, 132 వైపు మామూలు 415 వోల్టుల త్రీఫేజ్ సప్లై ఇస్తారు. ఇంపీడెన్సు పన్నెండున్నర శాతమైతే పైవైపు ఐదున్నర ఆంపియర్లు, కిందవైపు సుమారు ఇరవై రెండు ఆంపియర్లు పారతాయి. సీటీల సెకండరీల్లో వచ్చేది మిల్లీ ఆంపియర్లే. అయినా రిలే తెరమీద రెండు వైపుల కరెంట్లూ ఒకదానికొకటి సరిపోయి తేడా సున్నా దగ్గర కనిపించాలి. ఒక్క సీటీ తిరగబడి ఉన్నా తేడా రావాల్సిన చోట కూడిక వస్తుంది. ఆ తప్పు తెలియకుండా లోడు ఇచ్చి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మొదటిరోజే ఏ లోపమూ లేకుండా ట్రిప్ అయ్యేది. తర్వాత షార్టింగ్‌ను సీటీల లోపలికి మార్చితే ఈసారి తేడా కనిపించి తీరాలి. ఊరకుండాల్సినప్పుడు ఊరకుండటం, కదలాల్సినప్పుడు కదలడం రెండూ ఇంత చిన్న కరెంటుతో రుజువవుతాయి.

ఇక చివరి అంకం. కొందరు రిలే మీద ట్రిప్ దీపం వెలగ్గానే రిపోర్టులో సరే అని రాసేస్తారు. అది సగం పరీక్షే. రిలేకు కరెంటు ఇచ్చి, యార్డులో బ్రేకర్ తెరుచుకున్న శబ్దం వినాలి, సూచిక మారడం చూడాలి. అదీ బ్యాటరీ ఛార్జరు ఆపి, బ్యాటరీ ఒక్కదాని బలం మీద. పెద్ద లోపం వచ్చినప్పుడు ఏసీ వోల్టేజీ కుంగిపోతుంది, ఛార్జరు చేతులెత్తేస్తుంది, మిగిలేది బ్యాటరీయే. వోల్టేజీ డెబ్భై శాతానికి పడిపోయినా ట్రిప్ కాయిల్ పనిచేయాలని ప్రమాణాలు చెబుతున్నది ఇందుకే.

సరిగా పనిచేసిన రిలేలు, పడిపోయిన గ్రిడ్లు

1965 నవంబర్ 9 సాయంత్రం కెనడాలోని ఒంటారియోలో, సర్ ఆడమ్ బెక్ జలవిద్యుత్ కేంద్రం నుంచి టొరంటో వైపు వెళ్లే ఒక లైను ట్రిప్ అయింది. లైను మీద లోపమేమీ లేదు. దాని బ్యాకప్ రిలే సెట్టింగు ఆ లైను మోయగల లోడు కన్నా తక్కువగా ఉంది. లోడు ఆ అంకె దాటగానే రిలే చెప్పినట్టే చేసింది. ఆ భారం పక్క లైన్ల మీద పడి అవీ వరుసగా పోయాయి. కెనడా, అమెరికాల్లో దాదాపు మూడు కోట్ల మంది చీకట్లో మిగిలారు, కొన్నిచోట్ల పదమూడు గంటల దాకా.

మన దేశంలో 2012 జులై 30, 31 తేదీల్లో జరిగినదీ అలాంటిదే. రెండు రోజులూ 400 కిలోవోల్టుల బీనా–గ్వాలియర్ లైను డిస్టెన్స్ రిలే మూడో జోన్‌లో, అంటే దూరపు లోపాల కోసం పెట్టిన పరిధిలో, ట్రిప్ అయింది. డిస్టెన్స్ రిలే వోల్టేజీని కరెంటుతో భాగించి లోపం ఎంత దూరంలో ఉందో అంచనా వేస్తుంది. లైను మీద లోడు మితిమీరి, వోల్టేజీ కుంగితే ఆ భాగఫలం చిన్నదై, దూరంలో షార్ట్ సర్క్యూట్ ఉన్నట్టే కనిపిస్తుంది. లోపం లేకపోయినా రిలే ట్రిప్ చేసింది. రెండో రోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలిపోయాయి. సుమారు 62 కోట్ల జనాభా ఉన్న ప్రాంతం అది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు ఆ దెబ్బ తగలలేదు. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే లయలో కలవలేదు. విశాఖ గాజువాక లాంటి డీసీ కేంద్రాల ద్వారానే ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ లైనుతో ఆ దూరం పోయింది. ఇప్పుడు దేశమంతా ఒకే గ్రిడ్. ఒకచోటి సెట్టింగు ఇంకోచోటి దీపానికి సంబంధించిన విషయమైంది.

రిలే సెట్టింగుకు తగ్గట్టు పనిచేస్తోందా అన్నది ఒక ప్రశ్న, సెట్టింగు లైనుకు తగ్గట్టు ఉందా అన్నది ఇంకో ప్రశ్న. మన పరీక్షా పత్రాల్లో మొదటిదానికి పేజీలకు పేజీలు ఉంటాయి. రెండోదానికి ఒక్క గడి అయినా ఉండాలి. ఈ లైను మీద ఏడాదిలో గరిష్ఠ లోడు ఎంత, ఆ లోడుకు రిలే కదలదని ఎవరు లెక్కగట్టారు అని రాసే గడి.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. పరీక్ష కోసం తెరిచిన లింకు, తీసిన ఎర్తు, వేసిన జంపరు, మార్చిన సెట్టింగు అన్నీ యథాస్థానానికి చేరాయా అన్నది గుర్తుమీద ఆధారపడకూడదు. ఒక ట్రిప్ లింకు తెరిచే ఉండిపోతే రిలే పచ్చ దీపం వెలిగిస్తూనే ఉంటుంది, లోపం వచ్చిన రోజు ఆజ్ఞ ఇస్తుంది, బ్రేకర్‌కు ఆ ఆజ్ఞ చేరదు. రాసుకున్న వరుసలో ఒక్కొక్కటీ కలుపుతూ, పరీక్ష చేయని రెండో మనిషి టిక్ పెడుతూ రావాలి. లైను ఛార్జ్ అయ్యాక నిజమైన లోడుతో సీటీల దిక్కు ఇంకోసారి చూసి, రిలేలో అప్పుడున్న సెట్టింగులను ఉన్నవి ఉన్నట్టు తీసి రిపోర్టుకు జతచేయాలి.

ఎంత చక్కగా పరీక్షించిన రక్షణకైనా ఒక పరిమితి ఉంది, అది పాఠకులందరికీ తెలియాలి. తెగిన పదకొండు కిలోవోల్టుల తీగ ఎండిన నేల మీదో, రాళ్ల మీదో పడితే భూమిలోకి వెళ్లే కరెంటు చాలా తక్కువగా ఉండి ఎర్త్ ఫాల్ట్ రిలే దాన్ని గుర్తించకపోవచ్చు. తీగ కదలకుండా పడి ఉంది కదా, ట్రిప్ అయ్యే ఉంటుంది కదా అనుకోవద్దు. దగ్గరికి వెళ్లవద్దు, పశువులను వెళ్లనివ్వవద్దు, సబ్‌స్టేషన్‌కు ఫోను చేయండి.

హెచ్.టి. (హై టెన్షన్) సర్వీసు ఉన్న అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, రైస్ మిల్లులు, కాలేజీల యజమానులకు ఒక మాట. మీ ఆవరణలోనూ ఒక బ్రేకరు, ఒక రిలే, ఒక బ్యాటరీ ఉన్నాయి. విద్యుత్ తనిఖీ అధికారి అనుమతి పత్రంతోనే సరిపెట్టుకోకండి. మీ కాంట్రాక్టరును మీ కళ్లముందే ఛార్జరు ఆపి, రిలేకు కరెంటు ఇచ్చి, బ్రేకర్‌ను ట్రిప్ చేసి చూపించమనండి. చూపించిన తర్వాతే సంతకం పెట్టండి.